రెండు వందల పన్నెండో చీటీ

మార్చి 9, శనివారం

బావమరిదికి,

నిన్న సాయంత్రం నాలుగుంబావుకి మా రికార్డు ఆఫీసు మెట్ల మీద ఇద్దరు మనుషులు నన్ను ఇనుప రాడ్డుతో కొట్టారు. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు విరిగాయి. ఎడమచేత్తో రాస్తున్నాను. కోడి కెలికినట్టుందని వెక్కిరించకు.

నువ్వు విలేకరివి కాబట్టి జరిగింది జరిగినట్టే రాస్తాను. ఒక మోటారు సైకిలు. నంబరు ప్లేటుకు బురద పూసి ఉంది, ఇక్కడ వాన పడి నెల దాటింది. ఒకడు నా చెయ్యి మెట్టు అంచుకు ఆనించి పట్టుకున్నాడు. రెండోవాడి మొదటి దెబ్బ తప్పి మెట్టుకు తగిలింది, సిమెంటు లేచిపోయింది. రెండో దెబ్బ తప్పలేదు. కొట్టే ముందు అడిగాడు:

"ఏడో ర్యాకు, నలభై ఒకటో కట్ట. ఎక్కడరా?"

"కౌంటరు నాలుగింటికే మూసేస్తామండీ, సోమవారం పదింటికి రండి" అన్నాను. వేళాకోళం కాదు. భయంలో నోటికొచ్చింది అదే. మీ అక్కకు చెబితే ముందు ఏడ్చింది, తర్వాత నవ్వింది, మళ్లీ ఏడ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. మా గదిలో ర్యాకులు ఇరవై రెండు, కట్టలు మూడు వేల పైచిలుకు. ఏ ర్యాకు మీదా అంకె రాసి ఉండదు. తలుపు నుంచి ఎడమవైపుగా లెక్కపెట్టుకోవడం నా పద్ధతి. మా ఆఫీసరుకి కూడా ఆ లెక్క తెలియదు, ఆయనకు తెలిసింది సర్కారు ఫైలు నంబరు ఒక్కటే. ఆ ఫైలు గురించి నా లెక్కలో నేను మాట్లాడింది ఇద్దరితో. ఒకరు మా అటెండరు గడియారం. ముప్ఫై ఏళ్లుగా ఐదింటికి తాళం వేస్తాడు, నిమిషం అటూ ఇటూ కాదు, అందుకే ఆ పేరు. రెండోవాడివి నువ్వు, జనవరి ఉత్తరంలో.

గడియారం చెప్పలేదు. అడిగాను. "నా ఇంటావిడకే చెప్పను, వీళ్లకు చెబుతానా" అన్నాడు.

అది క్వారీ కాల్పుల ఫైలు అని నీకు తెలుసు. ఇరవై ఒక్క ఏళ్ల కిందట సమ్మె రోజున పోలీసులు కాల్చారు. చనిపోయింది ముగ్గురని సర్కారు చెప్పింది. ఫైల్లో పోస్టుమార్టం రిపోర్టులు పద్నాలుగు. తక్కిన పదకొండు మంది పారిపోయారని ఇప్పటికీ రాసి ఉంది. వాళ్లలో ఒకరి భార్య, మా కుట్టుమిషనావిడ, ప్రతి నెలా మొదటి బుధవారం కౌంటరు దగ్గరికి వచ్చి "మా ఆయన చనిపోయినట్టు కాగితం వచ్చిందా" అని అడుగుతుంది. ఫైలు చూపించే అధికారం నాకు లేదు. గడువు తీరింది కాబట్టి ఈ నెల ముప్ఫయ్యో తేదీన దాన్ని ముక్కల మిషన్లో వెయ్యమని నాకు ఆర్డరు ఉంది. మొన్న బుధవారం ఆవిడ వచ్చినప్పుడు అది నాకు ఇరవై అడుగుల దూరంలో ఉంది. రాలేదని చెప్పాను. వచ్చేవారం మళ్లీ వస్తానంది.

పొద్దున కట్టుతోనే ఆఫీసుకు వెళ్లి ఫైలు వేరే చోటికి మార్చాను. ఎక్కడికో నీకు రాయను. ఇకమీదట నీకు అంకెలు రాయను. ఒక్క మాటకు జవాబు కావాలి: నువ్వేం చేశావు?

ఎడమచేతి
బావ

*

మార్చి 12, మంగళవారం

బావగారికి నమస్కారాలు.

నేను అచ్చు వేశాను. గురువారం, మార్చి 7, మొదటి పేజీ, నాలుగో కాలమ్. "ఏడో ర్యాకు, నలభై ఒకటో కట్ట" అన్నది యథాతథంగా.

కారణం చెబుతాను, సమర్థన కాదు. రికార్డుల అందుబాటు బిల్లు పదమూడు మంది సభ్యుల కమిటీ ముందుంది. అది పాసైతే ఇరవై ఏళ్లు దాటిన ఏ సర్కారు కాగితాన్నయినా ఎవరైనా అడిగి చూడొచ్చు. అంతకన్నా ముఖ్యం తొమ్మిదో సెక్షను: ఏ రికార్డు నాశనం చేయాలన్నా తొంభై రోజులు ముందుగా జాబితా గోడ మీద అంటించాలి, అంటించకుండా చేస్తే జైలు. ఆ సెక్షను తీసెయ్యాలని మంత్రి పట్టు. ఆరుగురు అటు, ఆరుగురు ఇటు. మిగిలింది రిటైరైన హెడ్‌మిస్ట్రెస్, మేం టీచరమ్మ అంటాం. ఆరో తేదీన శాఖ సెక్రటరీ కమిటీ ముందు ప్రమాణం చేసి "క్వారీ ఫైలు అనేది లేనే లేదు" అన్నాడు. టీచరమ్మ కళ్లజోడు తుడుచుకుని "ఉందనేవాళ్లు ఎక్కడుందో చెప్పండి, లేకపోతే కూర్చోండి" అంది. మర్నాడు చెప్పాను.

సర్కారు నంబరు వేస్తే అలాంటి నంబరే లేదంటారు. గది, ర్యాకు, కట్ట వేస్తే వెళ్లి చూడక తప్పదనుకున్నాను. ఎక్కడుందో ఊరందరికీ తెలిసిన కాగితాన్ని ఎవరూ తగలబెట్టలేరనుకున్నాను. కాగితం గురించి ఆలోచించాను. దాని పక్కన కూర్చునే మనిషి గురించి ఆలోచించలేదు.

వాళ్లు ఇక్కడ కూడా చేతులు ముడుచుకుని లేరు. ఆదివారం మా ఫొటోగ్రాఫర్‌ని స్కూటరు మీద నుంచి కిందికి లాగి తన్నారు. దవడ రెండు చోట్ల విరిగింది, గొట్టంతో తాగుతున్నాడు.

బావా, ఇది జాగ్రత్తగా చదవండి. ఫైలు మార్చానన్నారు. మీరు చీటీ పెట్టే ఉంటారు. మిమ్మల్ని ఎరుగుదును కదా. మా ఇంట్లో గొడుగు తీసుకెళ్తూ కొక్కేనికి "గొడుగు ఒకటి, నల్లది, బావ, వాన వల్ల" అని చీటీ తగిలించి వెళ్లిన మనిషి మీరు. పాత కట్టలో ఆ చీటీ ఉంటే ఫైలు ఎక్కడుందో మీరే చెప్పినట్టు. ఈ ఉత్తరం అందిన నిమిషంలో వెళ్లి చీటీ తీసెయ్యండి.

మూడుసార్లు ఫోను చేశాను, అసలు మోగట్లేదు. అందుకే అర్జెంటు పోస్టులో పంపుతున్నాను.

అక్కకు చెప్పండి, నన్ను తిట్టమని.

తప్పు చేసిన
మీ బావమరిది

*

మార్చి 15, శుక్రవారం

బావగారికి,

ఈ రోజు ఉదయం పదకొండు గంటల ఇరవై అయిదు నిమిషాలకు మంత్రి సభలో చదివిన ప్రకటన ఇది: "బుధవారం నాడు తనిఖీ అధికారి స్వయంగా వెళ్లి చూశారు. పత్రికలో రాసిన కట్టలో ఉన్నవి పాత బల్లలు, కుర్చీల రసీదులు. రికార్డు కీపరు తనిఖీకి పూర్తిగా సహకరించారు."

గ్యాలరీలో కూర్చుని రాసుకున్నాను. టీచరమ్మ తలెత్తి నా వైపు చూసింది, తర్వాత తల తిప్పుకుంది. మధ్యాహ్నం ఎడిటరు పిలిచి రేపు సవరణ వేస్తున్నామన్నాడు. ఇరవై రెండేళ్లలో నా పేరు మీద సవరణ పడటం ఇదే మొదలు.

మీ ఊళ్లో ఉన్న మా విలేకరి రెండు రోజులుగా పలకడం లేదు.

వేళ్లు విరిగిన మనిషి భయపడితే తప్పు పట్టను. నాకొక్క ముక్క రాసి భయపడాల్సింది. "ఇచ్చేశాను" అని రాస్తే సరిపోయేది. కుట్టుమిషనావిడకు వచ్చే నెల ఏం చెబుతారు? రాలేదనేనా?

ఇంకేం రాయను.

విలేకరి

*

మార్చి 17, ఆదివారం

బావమరిదికి,

గడియారాన్ని చంపేశారు. బుధవారం, పదమూడో తేదీ, ఉదయం పదకొండు గంటల నలభై నిమిషాలకు, నా కుర్చీకి నాలుగడుగుల దూరంలో.

నీ రెండు ఉత్తరాలూ నిన్న ఒకేసారి ఇచ్చాడు పోస్టుమాన్, తల వంచుకుని. పన్నెండున నువ్వు రాసిన అర్జెంటు ఉత్తరం మీద ఇక్కడి పోస్టాఫీసు ముద్ర బుధవారం ఉదయం ఏడింటిది. నాకు అందింది శనివారం. అంటించిన చోట జిగురు రెండు రంగులుగా ఉంది.

నేను అక్కడ లేను. పదింటికి జిల్లా ఆఫీసు నుంచి జీపు వచ్చింది, రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలని తీసుకెళ్లి బల్ల మీద కూర్చోబెట్టారు. సంజాయిషీ ఎవరూ అడగలేదు. నన్ను గదిలో లేకుండా చెయ్యడానికే ఆ జీపు. జరిగింది నాకు చెప్పింది కుట్టుమిషనావిడ. వస్తానన్న మాట ప్రకారం వచ్చి కౌంటరు ఇవతల ఉంది. ఆవిడ మూడుసార్లు చెప్పింది, మూడుసార్లూ ఒకేలా చెప్పింది.

తనిఖీ అధికారి, ఇంకో నలుగురు వచ్చారు. నలుగురిలో ఇద్దరు మెట్ల మీది వాళ్లే అయి ఉండాలి, ఒకడి చేతిలో అదే రాడ్డు. కట్టలు లాగి కింద పడేసి విప్పడం మొదలుపెట్టారు. అధికారి అన్న మాట ఆవిడ విన్నది: "ఫైలు వెతక్కండిరా. చీటీ వెతకండి. తెల్ల చీటీ."

నా చీటీ గురించి రాసింది నువ్వొక్కడివే. ఏ ఉత్తరంలోనో నీకు తెలుసు.

గంటంబావు వెతికితే దొరికింది. నేనే పెట్టాను. సంతకం, తేదీ, వేళ, ఏ ర్యాకుకు మార్చానో, అన్నీ. విరిగిన వేళ్లతో కూడా మానలేదు. గది లోపల మారితే చీటీ కట్టలో, గడప దాటితే చీటీ తలుపు పక్కనున్న కొక్కెపు తీగకు. పద్దెనిమిదేళ్ల అలవాటు. నీకు అచ్చు పిచ్చి, నాకు చీటీ పిచ్చి. మధ్యలో ఆయన పోయాడు.

అంకె దొరికినా ర్యాకు ఏదో వాళ్లకు తెలియదు. గడియారాన్ని అడిగారు. ఆయన తీసుకొచ్చి ఇచ్చాడు. నాకు మొదట కోపం వచ్చింది. తర్వాత అర్థమైంది. తనిఖీ అధికారి అడిగితే ఇవ్వాలి, అది రూలు. రూలు దాటడం ఆయనకు చేతకాదు. ఇంకో రూలు కూడా ఉంది. ఖాళీ చీటీ తీసి బల్ల మీద పెట్టాడట.

"సంతకం చెయ్యండి బాబూ."

"నాకా చెబుతున్నావు?"

"మంత్రిగారొచ్చినా అంతే. సంతకం పడనిదే కాగితం గడప దాటదు."

నలుగురూ నవ్వారు. అధికారీ నవ్వాడు. "ముసలాడి ముచ్చట తీరుద్దాం" అని జేబులోంచి కలం తీసి పెట్టాడు. గడియారం కాగితాలు లెక్కపెట్టి "పోస్టుమార్టం రిపోర్టులు, పద్నాలుగు" అని చీటీ మీద రాసి, గోడ గడియారం చూసి వేళ వేసి, తీగకు గుచ్చాడు. పద్నాలుగు అనే మాట ఆయన పైకి అన్నాడట. ఆవిడ ఆ అంకె మొదటిసారి విన్నది అప్పుడే.

గడప దగ్గర అధికారి ఆగాడు. తను ఏం చేశాడో అప్పుడు తెలిసినట్టుంది. "ఆ చీటీ తెండి" అన్నాడు. గడియారం తీగను మేకు మీంచి తీసి రెండు చేతులతో గుండెకు పట్టుకున్నాడు. "ఫైలు వెనక్కి తెచ్చిన రోజున ఇస్తాను" అన్నాడు. రాడ్డుతో మోకాలి మీద కొట్టారు. కింద పడ్డాడు, వదల్లేదు. మోచేతి మీద కొట్టారు. అప్పుడూ వదల్లేదు. ఒకడు తీగ పైకొసను గుంజి, ఆ కొక్కెం మొననే ఆయన మెడలో దింపాడు.

కుట్టుమిషనావిడ అరిచింది. పక్క రిజిస్ట్రేషను ఆఫీసు వరసలో నిలబడ్డ జనం, నూటయాభై మంది దాకా, వరండాలోకి ఉరికారు. ఆ అయిదుగురూ ఫైలుతో వెనక తలుపు గుండా పారిపోయారు. చీటీ తీసుకునే వ్యవధి వాళ్లకు దొరకలేదు. ఆవిడ తన కొంగు ఆయన మెడకు అదిమిపెట్టి కూర్చుంది. పదకొండు నిమిషాలు బతికాడు. ఏమన్నా అన్నాడా అని అడిగాను. "తలుపు వెయ్యమన్నాడు" అంది.

ఫైలు కాలిపోయింది. కాలువ గట్టున అట్ట ముక్కలు, కాలిన దారం దొరికాయి. మీ విలేకరి ఇంటి ముందు జీపు నిలబెట్టారు, అందుకే పలకడం లేదు.

మంత్రి చదివింది నువ్వు రాసుకున్నావు. నన్ను ఒక్క మాట అడగలేదు. ఇది నీ వృత్తిలో ఎలా నడుస్తుందో నాకు తెలియదు. నా వృత్తిలో, ఖాళీగా ఉన్న చోట ముందు చీటీ ఉందేమో చూస్తాం.

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యను. బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను.

బావ

*

మార్చి 20, బుధవారం

బావా,

మీ ఉత్తరం సోమవారం అందింది. అదే బస్సు వెనక్కి వెళ్తోంది, డ్రైవరు ఇరవై నిమిషాలు ఆగుతానన్నాడు.

నా పదిహేనో తేదీ ఉత్తరం చించెయ్యండి అని అడగబోయాను. వద్దు, ఉంచండి. మీ దగ్గర ఏదీ చించమని అడిగే అర్హత నాకు లేదు.

గడియారం చావుకు దారి ముందు నా వార్త వేసింది, తర్వాత నా ఉత్తరం వేసింది. మీ చీటీ మూడోది. ఈ వరస మార్చకండి.

ఇక పని. నిన్న మీ ఊరికి వచ్చాను, మీ ఇంటికి రాలేదు, నా వెనక ఒకడు నడిచాడు. పంచనామా నకలు సంపాదించాను. నూటయాభై మంది చూస్తుండగా రాయాల్సి వచ్చింది కాబట్టి ఎస్సై ఏదీ దాచలేకపోయాడు. అందులో వాక్యం: "హత్యకు వాడిన కొక్కెపు తీగ ఒకటి, దానికి గుచ్చిన చీటీలు అంచులు లెక్కించగా 212, పై చీటీలు రక్తంతో ఒకదానికొకటి అంటుకుపోయినందున చదవలేదు." అన్నీ కలిపి ఒకే గుడ్డలో మూట కట్టి, సీలు వేసి, సాక్ష్యాలు దాచే కోర్టు మాలుఖానాలో పెట్టారు.

ఆ చీటీ హత్యాయుధంలో భాగమైపోయింది బావా. ఇప్పుడు దాన్ని ముట్టుకోవాలంటే మేజిస్ట్రేటు ఆర్డరు కావాలి. ఫైలు కాల్చిన చేత్తోనే వాళ్లు దాని సాక్ష్యాన్ని సీలు వేయించారు.

కానీ ఆ గొడవలో ఎవరో పై చీటీ లాగేశారేమో మనకు తెలియదు. సీలు వెయ్యకముందు అరగంట ఆ గది పోలీసుల చేతుల్లో ఉంది. 212లో అది ఉందా, లేదా? మీరు చెప్పగలరా?

టీచరమ్మను కలిశాను. మీ ఉత్తరం చదివి వినిపించాను, మీ అనుమతి లేకుండా, అదొక తప్పు. ఆవిడ చీటీ సంగతి మళ్లీ చదవమంది. తర్వాత "ఆ పెద్దాయన సంతకం అడిగాడా" అంది. అడిగాడన్నాను. "అంతకన్నా ఆ సెక్షనులో మేం రాసిందేముంది" అంది. తొమ్మిదో సెక్షను మీద ఓటు ఇరవై ఎనిమిదికి వాయిదా వేయించింది. ఆ చీటీ మీద సంతకం కనిపిస్తే తన ఓటు ఎటో చెప్పక్కర్లేదంది. కనిపించకపోతే మంత్రి మాటే రికార్డు.

డ్రైవరు హారన్ కొడుతున్నాడు.

మీ
బావమరిది

*

మార్చి 23, శనివారం

బావమరిదికి ఆశీస్సులు. (ఈ మాట రాయడానికి మీ అక్క బలవంతం కొంత, నా ఇష్టం కొంత.)

ఉంది.

తీగ మీద చీటీలు ప్రతి సాయంత్రం తాళం వేసే ముందు గడియారం లెక్కపెట్టి చెప్పేవాడు, నేను రిజిస్టరులో వేసేవాణ్ణి. పన్నెండో తేదీ మంగళవారం సాయంత్రం: 211. బుధవారం పదింటికి నన్ను జీపెక్కించే దాకా ఒక్క కాగితమూ గడప దాటలేదు. తర్వాత దాటింది ఒక్కటే. రిజిస్టరు ఆఫీసులో లేదు, శుక్రవారం మెట్ల మీద కొట్టిన దగ్గర్నుంచి రోజూ ఇంటికి తెస్తున్నాను. రెండు వందల పన్నెండోది అదే.

ఇది వాళ్లకూ అర్థమైంది. నిన్న సాయంత్రం ఆరింటికి ముగ్గురు మా ఇంటి తలుపు తన్నుకుని వచ్చారు. రిజిస్టరు ఇమ్మన్నారు. నా కట్టు మీద కాలు వేసి నొక్కారు, మూడోవేలు కూడా పోయింది. మీ అక్క అప్పుడు నా చొక్కా ఇస్త్రీ చేస్తోంది. కాలుతున్న పెట్టె తీసి నన్ను తొక్కినవాడి చెంపకు ఆనించింది. ఆ వాసన ఇంకా గదిలో ఉంది. రెండోవాడు ఆవిడ తల గోడకేసి కొట్టాడు. ఏడు కుట్లు. ఇరుగుపొరుగు వచ్చేసరికి పారిపోయారు. రిజిస్టరు బట్టల మూట కింద ఉంది, ఆవిడ దాని మీదే కూర్చుంది.

ఆవిడ చెప్పమన్నది చెప్పినట్టు రాస్తున్నాను: "తమ్ముడూ, నీ మీద కోపం తగ్గలేదు. ఇస్త్రీపెట్టె కూడా పాడైంది. రెండింటికీ వచ్చి సమాధానం చెప్పు."

గడియారం ఇంటికి వెళ్లాను. నా చీటీ సంగతి ఆయన భార్యకు చెప్పాను. దాచలేదు. ఆవిడ తలుపు సగం వేసి, మళ్లీ తీసి, "ఆయన కూడా పెట్టమనేవాడుగా" అంది. అది క్షమించడమో కాదో నాకు తెలియలేదు. అడగలేదు. వరస గురించి నువ్వు రాసింది చదివాను. నేను వరస మార్చను, కానీ నా పేరు అందులోంచి తీసెయ్యను.

ఈ ఉత్తరంతో ఒక కాగితం ఉంది. పద్నాలుగు పేర్లు. ఫైలు కాలిపోయింది కానీ, ఆ కట్ట పద్దెనిమిదేళ్లలో ఎన్నిసార్లు దులిపానో నాకే తెలియదు. అట్ట మీద ఉన్న వరసలోనే రాశాను, ఎడమచేత్తో. ఆరో పేరు కుట్టుమిషనావిడ భర్తది. ఇది రుజువు కాదు, నా జ్ఞాపకం. చీటీ తెరిచేదాకా అచ్చు వెయ్యకు. ఈసారి అడిగి వెయ్యి.

కాగితంతో పాటు ఒక చీటీ కూడా ఉంది. "పేర్ల జాబితా, కాగితం ఒకటి" అని నేను నింపాను. తీసుకున్నవారి సంతకం దగ్గర నీ సంతకం పెట్టి, తేదీ, వేళ వేసి ఇదే డ్రైవరుతో పంపు. నీకు జనవరిలో ఆ అంకెలు రాసినప్పుడు చీటీ రాయించుకోలేదు. అది నా తప్పు.

సోమవారం, ఇరవై అయిదున, ఉదయం పదిన్నరకు, రెండో కోర్టు హాల్లో మేజిస్ట్రేటు ఎదుట మూట విప్పుతారు. ప్రయోగశాల మనిషి చీటీలు విడదీస్తాడు. పై చీటీ మా ఆఫీసుదేనని, అందులో రాత గడియారానిదేనని నేను గుర్తుపట్టి చెప్పాలి. తర్వాత కుట్టుమిషనావిడ సాక్ష్యం. పోలీసు జీపు తొమ్మిదింటికి వస్తుందన్నారు. మేము ఎక్కం. రిజిస్ట్రేషను వరసలో ఆ రోజు నిలబడ్డవాళ్లు ఎనిమిదింటికి మా ఆఫీసు మెట్ల దగ్గరికి వస్తున్నారు, వాళ్లతో నడిచి వెళ్తాం. మొత్తం రెండు కిలోమీటర్లు.

గురువారం పదకొండు గంటలకు తొమ్మిదో సెక్షను ఓటుకు వస్తుంది.

బావ